హాఫ్‌కిన్ మహాశయుడు

ఉదయగిరి కొండల క్రిందను, ఆత్మకూరు చుట్టుప్రక్కలను ఉన్న పల్లెలలో, తక్కిన తెలుగు పల్లెలలోవలెనే, పూర్వము మశూచికమును అమ్మవారు అని పిలిచెడివారు. రోగి యున్న యింటి గుమ్మమునకు వేపమండలు కట్టి గ్రామదేవతకు మ్రొక్కెడివారు. టీకాలు వేయువాడు వచ్చినాడనిన తల్లులు బిడ్డలను దాచెడివారు. తెలియని మందును, తెలియని మనిషిని చూచి భయపడుట లోకసహజము. అట్టి భయమును తన నడవడిచేతనే జయింపజూచిన మహనీయుడు వాల్డెమార్ హాఫ్‌కిన్.

హాఫ్‌కిన్ 1860వ సంవత్సరమున ఒడెస్సా నగరములో ఒక యూదుల కుటుంబమున జన్మించెను. ఆ నగరము నాడు రష్యా సామ్రాజ్యములోనిది. నేడు ఉక్రెయిన్ దేశమున నున్నది. అతడు మెచ్నికోవ్ అను గొప్ప శాస్త్రజ్ఞునికి శిష్యుడయ్యెను. మతము మార్చుకొన్నగాని ఉన్నతోద్యోగము లభింపదని తెలిసియు అందులకు సమ్మతింపలేదు. స్వదేశమును విడిచి, పారిస్‌లోని పాస్టర్ సంస్థయందు గ్రంథాలయములో చిన్న కొలువున కుదిరి పరిశోధనలు సాగించెను. కలరాకు టీకామందు సిద్ధము చేసి, 1892 జులై 18వ తేదీన దానిని మొట్టమొదట తన శరీరమునకే ఎక్కించుకొనెను.

1893లో అతడు భారతదేశమునకు వచ్చెను. మరుసటి యేడు కలకత్తాలోని ఒక పేదల బస్తీలో కలరా తలయెత్తెను. అచటి సుమారు 200 మందిలో 116 మంది టీకా వేయించుకొనిరి. పిమ్మట పదిమందికి రోగము సోకగా ఏడుగురు మరణించిరి. ఆ పదిమందియు టీకా వేయించుకొననివారే.

1896లో బొంబాయి నగరమున ప్లేగు ప్రబలెను. ఎలుకలపై నుండు గోమారులవలన ఇది మనుష్యులకు సోకును. రోగమును ఆపుటకై ప్రభుత్వము 1897లో కఠినమైన చట్టము చేసెను. పూనాలో సైనికులు ఇండ్లలో చొరబడి, రోగులను బలవంతముగా తీసికొనిపోయి, సామానులను తగులబెట్టిరి. ప్రజలు మండిపడిరి. ఆ యేడు జూన్‌లో ప్లేగు అధికారి ర్యాండ్ తుపాకిగుండ్లకు గురియయ్యెను. మేలుకై తలపెట్టిన పనియు బలాత్కారమువలన పగకు కారణమాయెను.

హాఫ్‌కిన్ త్రోవ వేరు. అతడు బొంబాయి వైద్యకళాశాలలో ఒక చిన్న గదిలో మూడు నెలలు శ్రమించి ప్లేగునకు టీకామందు సిద్ధపరచెను. 1897 జనవరి 10వ తేదీన ముందుగా తానే వేయించుకొని జ్వరబాధ ననుభవించెను. తరువాతనే బైకుల్లా చెరసాలలో, ఇష్టపడి ముందుకు వచ్చిన ఖైదీలకు వేసెను. ఖోజాల మతగురువగు ఆగాఖాన్ తనవారి యెదుట తానే టీకా వేయించుకొనెను. అది చూచి వేలాదిమంది ధైర్యము తెచ్చుకొనిరి.

ఇంతలో పెద్ద ఆపద సంభవించెను. 1902 అక్టోబరులో పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున ఒకే సీసాలోని మందు వేయించుకొన్న 19 మంది ధనుర్వాతముతో మృతినొందిరి. నింద హాఫ్‌కిన్‌పై పడెను. అతడు కొలువు కోల్పోయి యేండ్ల తరబడి న్యాయమునకై పోరాడెను. ఆ గ్రామములో సీసా మూత తెరచునపుడు వాడిన పట్టకారు నేలపై పడినదనియు, దానిని సరిగా శుద్ధి చేయలేదనియు విచారణలో తేలెను. సికిందరాబాదులో 1897లో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డు రాస్, మరి కొందరు శాస్త్రజ్ఞులు 1907లో అతని పక్షమున నిలిచిరి. నింద తొలగిపోయెను. హాఫ్‌కిన్ మరల కలకత్తాకు వచ్చి పనిలో చేరెను. అతడు స్థాపించిన బొంబాయి పరిశోధనాలయమునకు 1925లో అతని పేరే పెట్టబడెను. 1930 అక్టోబరు 26వ తేదీన స్విట్జర్లాండులోని లోసాన్ నగరమున అతడు తనువు చాలించెను.

2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా రోగి నెల్లూరులోనే బయటపడినపుడు, మాస్కు ధరించుటకును, పిదప టీకా వేయించుకొనుటకును పలువురు సందేహించిరి. నూరేండ్లు గడచినను భయము మారలేదు. దానికి మందును మారలేదు. ఇతరులకు చెప్పదలచినదానిని ముందుగా తాను చేసి చూపవలెను. చేయు పనిలో ఒక్క పట్టకారునైనను అశ్రద్ధ చేయరాదు. ప్రజల నమ్మకము సంపాదించుటకు యేండ్లు పట్టును. పోగొట్టుకొనుటకు ఒక్క సీసా చాలును. హాఫ్‌కిన్ జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.