ఫ్రాంక్ హార్న్‌బీ

ఫ్రాంక్ హార్న్‌బీ (మే 15, 1863 - సెప్టెంబరు 21, 1936) ఇంగ్లాండు దేశానికి చెందిన ఆటవస్తువుల రూపకర్త, పారిశ్రామికవేత్త మరియు రాజకీయ నాయకుడు. మెకానో నిర్మాణ సామగ్రి, హార్న్‌బీ బొమ్మ రైళ్లు, డింకీ బొమ్మ కార్లు ఈయన స్థాపించిన సంస్థనుండి వెలువడినవే. నిజమైన రైల్వే కంపెనీల పేర్లు, రంగులు బొమ్మ గూడ్సు వ్యాగన్లపై వేయించి పిల్లలకు పరిచయం చేసినవారిలో ఈయన ప్రముఖుడు. అయితే ఆ రంగులు చరిత్రకు ఎంతవరకు సరిపోతాయన్నది నమూనా రైళ్లు నిర్మించేవారికి నేటికీ పరిశీలించదగిన ప్రశ్న.

బాల్యం, ఉద్యోగం

హార్న్‌బీ లివర్‌పూల్ నగరంలో ఆహార పదార్థాల వర్తకుని ఇంట జన్మించాడు. పదహారవ ఏట చదువు మాని తండ్రి వ్యాపారంలోనే గుమాస్తాగా చేరాడు. 1887లో క్లారా గోడ్‌ఫ్రాయ్ అనే ఉపాధ్యాయినిని వివాహమాడాడు. తండ్రి మరణానంతరం 1899లో ఆ వ్యాపారం మూతపడగా, మాంసం దిగుమతి చేసుకొనే డేవిడ్ ఎలియట్ వద్ద జమాఖర్చులు వ్రాసే ఉద్యోగంలో చేరాడు. ఇంజనీరింగు విద్యను ఈయన ఎక్కడా అభ్యసించలేదు.

మెకానో

తన కుమారులకోసం ఇంట్లో రేకులు కత్తిరించి బొమ్మలు చేస్తున్న రోజులలో హార్న్‌బీకి ఒక ఆలోచన కలిగింది. సమదూరంలో చిల్లులున్న పట్టీలను నట్లు, బోల్టులతో బిగించి, మళ్లీ విప్పగలిగితే అవే భాగాలతో ఎన్నో యంత్రాల నమూనాలు చేయవచ్చును. పేటెంటు ఖర్చులకై యజమాని ఎలియట్ వద్ద 5 పౌండ్లు అప్పుచేసి, 1901లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. లివర్‌పూల్‌లో ఇంజనీరింగు ఆచార్యుడైన హెలె-షా ఈ బొమ్మను ప్రశంసించడం అమ్మకాలకు తోడ్పడింది. 1907లో మెకానో అన్న పేరు నమోదైంది. 1908లో మెకానో లిమిటెడ్ ఏర్పడింది. 1914లో లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డులో పెద్ద కర్మాగారం వెలసింది.

బొమ్మ రైళ్లు

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్‌లో అమ్ముడయ్యే బొమ్మ రైళ్లలో అధికభాగం జర్మనీనుండి వచ్చేవి. యుద్ధంతో ఆ దిగుమతులు నిలిచిపోయాయి. ఈ అవకాశాన్ని గుర్తించి హార్న్‌బీ 1920లో, తాళంచెవితో స్ప్రింగు బిగిస్తే నడిచే రైలును విడుదల చేశాడు. దీని పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు. మెకానో పద్ధతిలోనే దీనినీ విప్పి మరల బిగించవచ్చును. 1923లో బ్రిటన్ రైల్వేలలో అధికభాగం నాలుగు పెద్ద కంపెనీలుగా విలీనమైనపుడు బొమ్మలపై అక్షరాలూ క్రమంగా మారాయి. కోల్మన్ ఆవపొడి, క్రాఫర్డ్ బిస్కట్లు, క్యాడ్‌బరీ చాక్లెట్ల పేర్లతో మూతపెట్టె వ్యాగన్లు కూడా వచ్చాయి.

గూడ్సు వ్యాగన్ల రంగులు

హార్న్‌బీ వ్యాగన్లు ఎనామిల్ మెరుపుతో పిల్లలను ఆకర్షించడానికి చేసినవి. అసలు వ్యాగన్లు బొగ్గు మసితో, ధూళితో మెరుపు లేక ఉండేవి. బాల్యంలో చూచిన బొమ్మ రంగును అసలు రంగుగా భావించి నమూనాకు వేసినవారు పొరబడే అవకాశం ఎక్కువ. సరైన రంగు తెలియాలంటే ఏ కంపెనీ, ఏ సంవత్సరం, ఏ విధమైన బ్రేకు అనే మూడు విషయాలు తెలియాలి.

1923 తరువాత గ్రేట్ వెస్టర్న్ కంపెనీ ముదురు బూడిద రంగును, సదరన్ కంపెనీ ముదురు గోధుమ రంగును వాడాయి. లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ కంపెనీ సాధారణ వ్యాగన్లకు బూడిద రంగు, వాక్యూం బ్రేకు ఉన్నవాటికి ఎర్ర ఆక్సైడు రంగు వేసేది. లండన్ మిడ్లాండ్ అండ్ స్కాటిష్ కంపెనీ వ్యాగన్లు 1936 వరకు బూడిద రంగులోను, ఆ పిమ్మట బాక్సైటు అనబడే ఎరుపు కలిసిన గోధుమ రంగులోను ఉండేవి. కంపెనీ నిర్ణయం మారిన వెంటనే వ్యాగన్లన్నిటికీ కొత్త రంగు పడేది కాదు. తిరిగి రంగు వేసే వంతు రావడానికి సంవత్సరాలు పట్టేది. కనుక ఒకే రైలులో పాత, కొత్త రంగుల వ్యాగన్లు కలసి ఉండడమే సహజం.

బూడిద రంగు కూడా ఒకే ఛాయ కాదు. సీసంతో చేసిన సఫేదాకు నలుపు కలిపి దీనిని తయారుచేసేవారు. కలిపిన పాళ్లనుబట్టి ఛాయ మారేది. పొగలోని గంధకం వల్ల సీసపు రంగు కాలక్రమేణా నల్లబడేది. పాత ఛాయాచిత్రాలనూ పూర్తిగా నమ్మరాదు. ఆనాటి ఫోటో పలకలు ఎరుపును గ్రహించలేనందున ఎర్రని వ్యాగను చిత్రంలో దాదాపు నల్లగా కనిపిస్తుంది. కనుక చిత్రాలను కంపెనీ పత్రాలతోను, మిగిలియున్న వ్యాగన్లపై అడుగుపొరల రంగుతోను సరిపోల్చుకోవాలి.

చివరి దశ

హార్న్‌బీ 1931లో కన్సర్వేటివ్ పార్టీ తరఫున ఎవర్టన్ నియోజకవర్గంనుండి పార్లమెంటుకు ఎన్నికై 1935 వరకు సభ్యునిగా ఉన్నాడు. 1934లో డింకీ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. 1936లో ఈయన మరణించాడు. లండన్ మిడ్లాండ్ కంపెనీ వ్యాగన్ల రంగు మారినదీ ఆ సంవత్సరమే. చిన్న కొలతలో మరింత వాస్తవికంగా రూపొందిన హార్న్‌బీ డబ్లో రైళ్లు 1938లో వెలువడ్డాయి. వాటిని చూడడానికి ఆయన లేడు. మెకానో సంస్థను 1964లో లైన్స్ బ్రదర్స్ కొనుగోలు చేసింది. బిన్స్ రోడ్డు కర్మాగారం 1979లో మూతపడింది. ఆయన పేరు మాత్రం నమూనా రైళ్లపై నిలిచియున్నది.