స్కౌటు దొర కథ: తలుపు తెరిసింది మనోళ్లే

జాతరల మీరు సూసే ఉంటరు. మెడల రంగు స్కార్ఫు కట్టుకున్న పోరలు, పోరీలు లైన్ల నిలవడ్డ ముసలోళ్లకు నీళ్లందిస్తుంటరు. తప్పిపోయిన పిల్లగాని చెయ్యి పట్టుకొని తల్లికి అప్పజెప్తుంటరు. ఎన్‌సీసీ పిల్లలేమో అనుకుంటరు శానమంది. కాదు, వాళ్లు స్కౌట్లు, గైడ్లు. ఈ పద్ధతి పెట్టినాయన ఒక తెల్లదొర, పేరు రాబర్ట్ బేడెన్ పావెల్. ఆయన బతుకుల మెచ్చుకునేది ఉంది, నిలదీసేదీ ఉంది. రెండూ చెప్పుకుందాం.

1857 ఫిబ్రవరి 22న లండన్‌ల పుట్టిండు. అదే ఏడు మన దేశంల సిపాయిలు తెల్లోళ్ల మీద తిరగబడ్డరు. తండ్రి ఆక్స్‌ఫర్డ్‌ల ప్రొఫెసర్. కొడుక్కు మూడేండ్లున్నప్పుడే ఆయన సచ్చిపోతే తల్లే పిల్లలందర్ని సాదింది. ఈ పోరనికి బళ్లె పాఠాల కంటె బడి పక్కన అడివి మీదనే మనసు. సార్ల కండ్లు గప్పి పోయి ఉచ్చులు పెట్టి కుందేళ్లు పట్టేటోడు, పొగ కనవడకుంట మంట పెట్టి వండుకునేటోడు. ఆక్స్‌ఫర్డ్‌ల సీటు రాలే. మిలటరీ పరీక్ష మాత్రం గట్టిగ పాసైండు. 1876ల, పందొమ్మిదేండ్ల వయసుల, గుర్రపు దళం ఆఫీసరై మన దేశానికే వచ్చిండు.

అటెన్క ఆఫ్రికా. 1896ల ఇప్పటి జింబాబ్వేల న్డెబెలె జనం తిరగబడ్డరు. వాళ్ల భూములు, గొడ్లు తెల్లోళ్ల కంపెనీ గుంజుకున్నది, అందుకే ఆ కొట్లాట. బేడెన్ పావెల్ ఆ తిరుగుబాటును అణిచెటందుకు పోయినోడు. ఉవిని అనే నాయకుడు దొరికితే మిలటరీ కోర్టు పెట్టి కాల్పించిండు. దాని మీద విచారణ జరిగింది, దొరకు ఏం కాలే. ఎందుకైతది? విచారణ చేసినోళ్లూ దొరలేనాయె.

ఆ గుట్టల్లనే ఆయన అసలు ఇద్య నేర్సుకున్నడు. రాత్రి చీకట్ల నడుసుడు, అడుగు జాడ సూసి ఎవరు పోయిండ్రో, ఎంతసేపైందో చెప్పుడు, వంగిన గడ్డిని బట్టి దారి పట్టుడు. మన గొర్ల కాపరికి ఇదేం కొత్త? మంద నుంచి ఒక్క గొర్రె తప్పితే జాడ పట్టుకొని పోయి తోలుకొస్తడు. ఆఫ్రికాల నల్లజాతోళ్లకు కూడ తాతల కాన్నుంచి ఉన్న ఇద్యే అది. ఈ దినం దాక స్కౌట్ మాస్టర్ల పెద్ద ట్రైనింగ్ అయినంక మెడల ఏసే చెక్కపూసలు జులూ జనం పూసల దండను సూసి చేసినయే. ఇద్య మట్టిమనుషులది, పుస్తకం మీద పేరు దొరది.

1899 అక్టోబర్‌ల దక్షిణాఫ్రికాల మాఫెకింగ్ అనే చిన్న పట్నాన్ని బోయర్ల సైన్యం సుట్టుముట్టింది. లోపట బేడెన్ పావెల్ మనుషులు శాన తక్కువ. 217 దినాలు ఆగిండు. అక్కడ చిన్నపోరల దళం ఒకటి ఉండె. వార్తలు అందించుడు, కాపలా కాసుడు వాళ్ల పని. సైకిళ్ల మీద, గుండ్లు పడుతుంటె కూడ తిరిగిండ్రు. నమ్మి బాధ్యత ఇస్తే పిల్లలు మోస్తరని ఆయనకు అక్కడ సమజైంది. అదే ఊళ్లె తిండి పంచుట్ల తెల్లోళ్లకు ఒక లెక్క, నల్లోళ్లకు ఇంకో లెక్క. ఆకలితోని నల్లోళ్లు సచ్చిండ్రు. ఇంగ్లండ్‌ల మాత్రం దొరకు జేజేలు కొట్టిండ్రు.

తిరిగి పోయి సూస్తే, సిపాయిల కోసం రాసిన ఆయన పుస్తకాన్ని పోరగాండ్లు సదువుతున్నరు. అయితె పిల్లల కోసమే ఒకటి పెడదామనుకున్నడు. 1907 ఆగస్టుల బ్రౌన్‌సీ అనే దీవిల ఒక ఇరవై మందితోని క్యాంపు పెట్టిండు. పెద్దింటి బడిపిల్లల్ని, కూలోళ్ల పిల్లల్ని కలిపి గుంపులు చేసిండు. ఒక్కకాడ పండుడు, ఒక్కకాడ తినుడు. ఆయన చేసిన పనులల్ల నేను మెచ్చేది ఇదే. 1908ల పుస్తకం వచ్చింది, దేశదేశాల పిల్లలు అందుకున్నరు. 1909ల లండన్ ర్యాలీకి ఆడపిల్లలు పిలువకున్న వచ్చి మేమూ స్కౌట్లమేనని నిలవడ్డరు. మరుసటేడే చెల్లె ఆగ్నెస్‌తోని గైడ్స్ మొదలువెట్టక తప్పలే.

ఇగ మన ముచ్చట. 1909ల బెంగళూర్ల తొలి స్కౌటు దళం పెట్టిండ్రు. అది తెల్లోళ్ల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు. మన పిల్లలకు తలుపు బందు. మనోళ్లకు ఇసొంటియి నేర్పితే రేపు తిరుగుబాటుకు పనికొస్తయని సర్కారు భయం. మనోళ్లు ఆగిండ్రా? ఆగలే. 1913ల షాజహాన్‌పూర్ల శ్రీరామ్ బాజ్‌పాయ్ సొంతంగ దళం పెట్టిండు. మద్రాసుల అనిబిసెంట్ ఇంకో సంఘం పెట్టింది. 1918ల అలహాబాద్‌ల మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రు, బాజ్‌పాయ్ కలిసి సేవా సమితి స్కౌట్లను నిలవెట్టిండ్రు. ఇగ ఆపుడు అయ్యే పని కాదు. 1921ల బేడెన్ పావెల్ మన దేశానికి వచ్చిండు, బిసెంట్ సంఘం ఆయన సంఘంల కలిసింది. సేవా సమితోళ్లు మాత్రం కలువలే. 1937ల మల్లొచ్చి పోయినంక, భారతీయుల శీలం గురించి ఆయన చులకనగ మాట్లాడిండని దేశమంత మండిపడ్డది. ఆ కోపంల 1938ల హిందుస్తాన్ స్కౌట్లు పుట్టింది. ఇవన్నీ ఒక్కటైంది స్వతంత్రం వచ్చినంకనే. 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. మరుసటేడు గైడ్లు కూడ అండ్ల కలిసిండ్రు.

దొర అది సూడలే. 1941 జనవరి 8న కెన్యాల న్యేరి అనే ఊళ్లె కన్ను మూసిండు. సమాధి రాయి మీద ఒక సున్న, నడుమ చుక్క ఉంటది. అడివిల దారి గుర్తులల్ల దానికి అర్థం, ఇంటికి పోయిన అని.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఈ కథ ఎందుకు చెప్తున్ననంటె, తెల్లోడు పెట్టిందని పక్కకు వెట్టేటోళ్లున్నరు, ఫీజులు కట్టే బళ్ల పిల్లలకే అనుకునేటోళ్లున్నరు. రెండూ తప్పే. ఇద్య మట్టిమనుషులది, తలుపు కొట్లాడి తెరిసింది మనోళ్లు. మనం పోకుంటె ఎవరిది నష్టం?

ఎండకాలం వస్తే ఏదో ఒక ఊళ్లె చెరువుల, క్వారీ గుంతల పిల్లలు మునిగిన వార్త సదువుతనే ఉంటం. ఒకన్ని కాపాడబోయి ఇంకొకడు పోతడు. దూకకుంట తాడు ఎట్ల ఇసరాలె, జారని ముడి ఎట్ల ఏయాలె, బయటికి తీసినంక ఏం చేయాలె, ఇయ్యి స్కౌటు పాఠాలు. రెండు కట్టెలు, రెండు అంగీలతోని స్ట్రెచర్ చేసుడు కూడ అండ్లదే. ఇంకోటి. ఆరుగురో ఎనిమిదిమందో ఒక పట్రోల్. ఊరోడు, వాడోడు ఒక్క గుడారంల పండాలె, ఒక్క గిన్నెల వండుకొని తినాలె. గిన్నెలు ఏరువెట్టిన క్యాంపు ఎక్కడన్న కనవడితె అది స్కౌటింగ్ కాదు, గట్టిగ అడుగుండ్రి.

పదేండ్లు దాటినోళ్లు స్కౌటు గాని గైడు గాని కావచ్చు. డిగ్రీ వయసోళ్లకు రోవర్లు, రేంజర్లున్నయి. పెద్దోళ్లు ట్రైనింగ్ తీసుకొని మాస్టర్లు కావచ్చు. మీ బళ్లె యూనిట్ ఉన్నదా అని హెడ్మాస్టర్‌ను అడుగుండ్రి. లేకుంటె, ట్రైనింగ్ తీసుకునే సారునో టీచరమ్మనో ఒకర్ని ఒప్పించుండ్రి, పదిమంది పేర్లు రాసి కాయితం ఇయ్యుండ్రి. లండన్ ర్యాలీకి వచ్చిన ఆడపిల్లల్ని ఎవరు పిలిసిండ్రు? బాజ్‌పాయ్‌కి ఎవరు పర్మిషన్ ఇచ్చిండ్రు? పిలుపు కోసం కూసుంటె తలుపు తెరుసుకోదు.