ఒక్క ప్రశ్నా రాలేదు.. అయినా పని ఆగలేదు!

ఎంతో కష్టపడి చేసిన ప్రాజెక్టును సెమినార్‌లో వివరిస్తే ఒక్కరూ ప్రశ్న అడగకపోతే మీకెలా ఉంటుంది? 1906 నవంబరు 3న జర్మనీలోని ట్యూబింగెన్‌లో డాక్టర్ అలోయిస్ అల్జీమర్‌కి అదే జరిగింది. ఆయన చెప్పిన జబ్బు ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది.

అల్జీమర్ 1864లో బవేరియాలో పుట్టారు. వైద్యం చదివి, 1888లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో చేరారు. 1901లో భార్య చనిపోయింది. ముగ్గురు పిల్లల బాధ్యత మీద పడింది. ఆ ఏడాది నవంబరులోనే ఆగస్టె డెటర్ అనే 51 ఏళ్ల మహిళ అక్కడికి వచ్చింది. పేరు రాయమన్నా మధ్యలోనే మర్చిపోయేది. ఆయన రోజూ ప్రశ్నలు అడిగి, జవాబులన్నీ రాసుకున్నారు.

తర్వాత డైరెక్టర్ పోస్టుకు దరఖాస్తు చేస్తే రాలేదు. మ్యూనిక్‌లో క్రెపెలిన్ దగ్గర చేరితే మొదట్లో జీతమే లేదు. భార్య ఆస్తి ఉండబట్టి నెట్టుకొచ్చారు. 1906లో ఆగస్టె చనిపోయాక ఆమె మెదడును తెప్పించి, మైక్రోస్కోప్ కింద పరీక్షించారు. కణాల మధ్య గడ్డల్లాంటి మచ్చలు, కణాల్లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. ట్యూబింగెన్‌లో చెప్పింది ఈ సంగతే. 1910లో క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు. 1915లో, 51 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

అసలు విశేషం ఆ తర్వాతే. ఏపీఓఈ-4 అనే జన్యురకం ఉంటే ఈ జబ్బు ముప్పు పెరుగుతుందని 1993లో తేలింది. అల్జీమర్ దాచిన స్లైడ్లు మ్యూనిక్‌లో దొరికితే వాటిపై జన్యుపరీక్ష చేశారు. 1998లో వచ్చిన ఫలితం ప్రకారం ఆగస్టెకి ఏపీఓఈ-4 లేదు, రెండు కాపీలూ మామూలు ఏపీఓఈ-3 రకమే!

అంటే ఏపీఓఈ-4 ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, లేనివాళ్లకి రాదనే హామీ కూడా లేదు. కొన్ని అరుదైన కుటుంబాల్లో మాత్రం ఏపీపీ, ప్రెసెనిలిన్ జన్యువుల్లోని మార్పు దాదాపు కచ్చితంగా జబ్బు తెస్తుంది. ముప్పు వేరు, తీర్పు వేరు. ఈ తేడాను కుటుంబాలకు అర్థమయ్యేలా చెప్పడమే జెనెటిక్ కౌన్సెలర్ ఉద్యోగం. ముప్పును లెక్కగట్టే పని బయోఇన్ఫర్మాటిక్స్, బయోస్టాటిస్టిక్స్ వాళ్లది. లైఫ్ సైన్సెస్ లేదా స్టాటిస్టిక్స్ చదువుతుంటే ఈ దారులు మీకూ ఉన్నాయి.

ఏ దారిలో వెళ్లినా, మీ ల్యాబ్ రికార్డును మార్కుల కోసమే రాయకండి. అల్జీమర్ జాగ్రత్తగా దాచిన స్లైడ్లు, 90 ఏళ్ల తర్వాత ఆయన ఊహించని ప్రశ్నకు జవాబిచ్చాయి.