డొక్కా సీతమ్మ: ఆ అన్నం వెనుక చేతులు

కోనసీమలో డొక్కా సీతమ్మ పేరు తెలియని ఇల్లుండదు. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద 2000లో ప్రారంభమైన కొత్త అక్విడెక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే పెట్టారు. ఒకటి నీళ్లు మోసే కట్టడం, ఒకటి పిల్లల పళ్లెం. ఆ నీళ్లు పళ్లెంలో అన్నమయ్యే లోపు బురదలో దిగిన మనిషి ఒకరున్నారు. సీతమ్మ కథ చెప్పేటప్పుడు ఆ మనిషిని ఎవరూ తలవరు. మనమైనా తలుద్దాం.

సీతమ్మ 1841లో మండపేటలో పుట్టింది. తండ్రి అనుపిండి భవానీశంకరం. వచ్చినవాళ్లకు అన్నం పెడుతుంటాడని ఊళ్లో ఆయన్ని బువ్వన్న అనేవారట. తల్లి నరసమ్మ చిన్నప్పుడే పోవడంతో వంటిల్లు ఆ పిల్ల చేతికొచ్చింది. లంకల గన్నవరం డొక్కా జోగన్నతో పెళ్లయింది. ఆయన భూమి ఉన్న రైతు, బ్రాహ్మణ గృహస్థు.

ఆమె పుట్టేనాటికి గోదావరి జిల్లా కోలుకోని జిల్లా. 1833 నాటి కరువు గుంటూరు వైపు ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసింది, గోదావరినీ వదల్లేదు. నది పక్కనే ఉన్నా పొలానికి నీరు లేదు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ వెంటనే గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడెక్టు లేచింది. పాయ దాటి నగరం లంక వైపు కాలువ పారింది. కాటన్ విగ్రహాలకు ఇవాళ్టికీ దండలు పడతాయి. ఆ కాలువలకు మట్టి తవ్వి మోసిన వేలాది కూలీల పేరు ఒక్క రాయి మీదా లేదు. సీతమ్మ కాపురానికి వచ్చిన కాలమూ, ఆ నేల వరి నేలగా మారిన కాలమూ ఇంచుమించు ఒకటే. ఎవరెప్పుడొచ్చినా పొయ్యి వెలిగించగలిగే ఇల్లు అక్కడ సాధ్యమైంది అందుకే.

దారిన పోయేవాళ్లకు ఆ ఇల్లే దిక్కు. అంతర్వేది తీర్థానికి వెళ్లేవాళ్లు, రేవు దాటేవాళ్లు, పెళ్లివారు, బాటసారులు, వరదొస్తే లంకలవాళ్లు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వండేదని చెప్పుకుంటారు. ఒకసారి తానే అంతర్వేది బయలుదేరి, ఆకలితో తన ఇంటికే పోతున్న పెళ్లివారు దారిలో కనపడగానే పల్లకీ వెనక్కి తిప్పించిందన్న కథ కోనసీమలో ప్రతి ముసలమ్మకూ వచ్చు. కులం చూడకుండా పెట్టిందనీ అంటారు. ఎక్కడ కూర్చోబెట్టి, ఎవరి చేత వడ్డించి అన్న ప్రశ్న మాత్రం ఆ కథలు అడగవు.

ఆమె మంచితనాన్ని నేను శంకించడం లేదు. వితంతువులకూ చదువుకూ దారులు మూసేసిన అగ్రహారపు లోకంలో పుట్టిన ఆడమనిషి, తన చేతిలో ఉన్న ఒకే ఒక్క అధికారాన్ని, అంటే గరిటెను, పరాయివాళ్ల కోసం వాడింది. అది చిన్న విషయం కాదు.

నన్ను ఆపే కథ వేరే ఉంది. దానాలతో ఆస్తి కరిగిపోతున్న రోజుల్లో జోగన్న పొలంలో తవ్వుతుంటే పలుగుకు లంకెబిందె తగిలిందట. ఆ బంగారంతో మళ్లీ పొయ్యి వెలిగిందట. ఇంతమందికి ఇన్నేళ్లు బియ్యం ఎక్కడిది అన్న ప్రశ్న ఊరికి వచ్చిందన్నమాట. జవాబు మాలపల్లెలోనో మాదిగగూడెంలోనో వెతక్కుండా భూమి లోపల వెతికారు.

జవాబు పాలేరుతనంలో ఉంది. ఏడాదికి ఇంత ధాన్యమని ఒప్పందం. ముందే తీసుకున్న అప్పు కళ్లంలోనే తెగ్గోసుకోగా మిగిలింది ఇంటికి. అది చాలక పెళ్లాం ఊడ్పులకు, పిల్లవాడు పశువుల వెంట. కోత అయ్యాక రాలిన పరిగ ఏరుకోవడం కూడా ఆసామి దయే. రాజమండ్రి దళిత కవి కుసుమ ధర్మన్న 1921లో రాసిన మాకొద్దీ నల్లదొరతనం పాటకు ఈ బతుకే వస్తువు. పన్నెండు నెలలు చాకిరీ చేసినా పొట్ట నిండని పాలేరు లెక్కను ఆయన ఊరి ముందు పెట్టాడు. తెల్లదొర పోవాలన్నవాళ్లకు నల్లదొర సంగతేమిటని నిలదీశాడు.

ఫ్రెంచ్ పండితుడు మార్సెల్ మాస్ 1925లో కానుకల మీద ఒక గ్రంథం రాశాడు. తిరిగి ఇవ్వలేని కానుక పుచ్చుకున్నవాణ్ణి తక్కువ చేస్తుందన్నది అందులో ఒక ముఖ్యమైన మాట. మన ఊళ్లో ఇంకో మెలిక ఉంది. పండించినవాడు మొదటే ఇచ్చేశాడు, ఏడాదంతా ఇచ్చాడు. అది లెక్కలోకి రాలేదు. అదే బియ్యం ఉడికి విస్తట్లోకి వచ్చినప్పుడు వాడు పుచ్చుకునేవాడయ్యాడు. పెట్టినమ్మకు పుణ్యం రాశారు, పండించినవాడికి అప్పు రాశారు.

సీతమ్మ పేరు సీమ దాటింది. 1903లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక సందర్భంలో ప్రభుత్వం ఆమెను గౌరవించింది. ఢిల్లీ రమ్మంటే అన్నం పెట్టేది పేరు కోసం కాదని వెళ్లలేదట. వద్దంటున్నా ఆమె ఫోటో తీయించి పంపారని చెబుతారు. ఇవాళ మనం చూసే ఆమె రూపం అదే. 1909లో ఆమె కన్నుమూసింది.

రెండేళ్లకు, 1911లో, వైనతేయ అవతల మామిడికుదురు మాలపల్లెలో బోయి భీమన్న పుట్టారు. పాలేరునే కథానాయకుణ్ణి చేసి నాటకం రాసింది ఆయనే. సీతమ్మ గన్నవరానికి ఆ ఊరు ఎంతో దూరం కాదు. అక్విడెక్టు మీదుగా పోయిన నీళ్లు ఆ వైపు పొలాలకే.

ఇప్పుడు బడి పళ్లెం దగ్గరికి వద్దాం. మధ్యాహ్న భోజనం ఎవరి దానమూ కాదు. ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టి తీరాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడ తినే పిల్ల ఎవరికీ రుణపడదు. ఆ పథకానికి దాత పేరు తగిలించడంలో నాకు కొంచెం ఇబ్బంది అందుకే. పేరు పెట్టారు సరే, ఆ వంట చేసే ఆడవాళ్ల సంగతి చూడండి. తెల్లారి లేచి కట్టెల పొగలోనో గ్యాస్ ముందో నిలబడే వీళ్లలో ఎందరో మన వాడల నుంచి వచ్చినవాళ్లే. 2019లో వాళ్లకిచ్చేది నెలకు 3,000 రూపాయలు చేశారు. కాగితాల మీద దాన్ని జీతం అని రాయరు, గౌరవ వేతనం అని రాస్తారు.