లద్దె వేడితో కోడిపిల్లలు

ఇంజినీరింగ్ మినీ ప్రాజెక్టుల్లో ఎగ్ ఇంక్యుబేటర్ పాత కాపు. థర్మకోల్ డబ్బా, బల్బు, బుల్లి ఫ్యాను, ఒక సెన్సర్, ఒక ఆర్డుయినో బోర్డు ఉంటే చాలు, పని అయిపోతుంది. ఇదే పనిని సుమారు 280 ఏళ్ల కిందట కరెంటు లేకుండా, ఓ చెక్క పీపా, గుర్రపు లద్దెతో చేసి చూపించినాయన ఒకరున్నారు. పేరు రెనె ఆంత్వాన్ ద రియామ్యూర్. ఫిజిక్స్‌లో ఉష్ణోగ్రత స్కేళ్ల దగ్గర సెల్సియస్, ఫారన్‌హీట్ పక్కన ఇంకో పేరు చదివి వదిలేశాం కదా, ఆ మూడో స్కేలు ఈయనదే.

1683లో ఫ్రాన్స్‌లోని లా రొషెల్‌లో పుట్టారు. కలిగిన కుటుంబం. చదివింది లా. ఆ లైన్‌లో మాత్రం ఉండలేదు. పారిస్ వెళ్లి గణితంలో పడ్డారు, 1708లో పాతికేళ్ల వయసుకే అక్కడి సైన్స్ అకాడమీలో చేరారు. తర్వాత దేశంలోని చేతిపనులన్నిటినీ వివరంగా రాసిపెట్టే బాధ్యత అప్పగించారు. అలా కొలిమిల చుట్టూ తిరిగి, ఉక్కు తయారీ మీద 1722లో పుస్తకం తెచ్చారు. దానికి ప్రభుత్వం ఏటా 12,000 లీవ్రుల పింఛను ఇస్తే, తన తదనంతరం ఆ డబ్బు అకాడమీకి చెందేలా రాయించుకున్నారు. 1730లో థర్మామీటరు. ఆ తర్వాత పురుగుల మీద ఆరు సంపుటాలు. ఇప్పటి లెక్కలో అయితే రెజ్యూమె చూసిన హెచ్‌ఆర్ ఈయన ఏ బ్రాంచి అని జుట్టు పీక్కునేవారు.

కోళ్ల దగ్గరికి ఎందుకొచ్చారంటే, దారి ఈజిప్టు చూపించింది. అక్కడ వేల ఏళ్లుగా గుడ్లను పెద్ద పొయ్యిల్లో పొదిగిస్తున్నారు. మధ్యలో నడవా, అటూ ఇటూ గదులు, కింద గుడ్లు, పైన పేడ, గడ్డి కాల్చే చోటు. సగం రోజులు గడిచాక నిప్పు ఆపేస్తారు, ఎందుకంటే పెరుగుతున్న పిండాలే వేడి పుట్టిస్తాయి. ఈ విద్య నైలు డెల్టాలోని ఒక ఊరివాళ్ల చేతిలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది, బయటికి పొక్కేది కాదు. వేడి ఎంతుందో వాళ్లకు ఒళ్లే చెప్పేది, గుడ్డును కనురెప్పకు ఆనించి చూసేవాళ్లు. పిరమిడ్ల కంటే ఈ పొయ్యిలే ఈజిప్టుకు గొప్ప అని రియామ్యూర్ అభిప్రాయం. నాకూ అదే సబబనిపిస్తుంది.

పొదుగుడు పట్టిన పెట్ట గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. 21 రోజులు గంపలో, తర్వాత కొన్ని వారాలు పిల్లల వెంట. ఆ పని ఇంకేదైనా చేస్తే పెట్ట మళ్లీ గుడ్లకు వస్తుంది, చలికాలంలోనూ పిల్లలు దొరుకుతాయి. కాకపోతే ఈజిప్టువాళ్ల చెయ్యి ఫ్రాన్స్ రైతుకు లేదు. ఆ చేతివాటాన్ని ఒక అంకెగా మార్చగలిగితే ఎవరైనా చేయొచ్చు. ఆయన దగ్గర థర్మామీటరు ఉంది. కోడి కింద పెట్టి చూస్తే తన స్కేలు మీద 32 వచ్చింది, అంటే మన లెక్కలో 40 డిగ్రీల దగ్గర.

వేడి కోసం లద్దె ఎంచుకున్నారు. కుప్ప పోస్తే దానంతటదే కాగుతుంది, పైసా ఖర్చు లేదు. కుప్ప మధ్యలో పీపా పాతి, లోపల గుడ్ల బుట్టలు ఒకదాని మీద ఒకటి వేలాడదీశారు. మొదట్లో పిండాలు వరసగా చచ్చిపోయాయి. అంకె సరిగ్గానే ఉంది, పిల్లలే రావట్లేదు. కారణం వెతికితే, లద్దె నుంచి వచ్చే ఆవిరి చెక్కలోంచి లోపలికి దిగుతోంది. గుడ్డు పెంకుకు ఊపిరాడుతుందని ఆయనకు అప్పటికే తెలుసు, గుడ్లకు వార్నిష్, కొవ్వు పూసి నెలల తరబడి నిలవ ఉంచడం మీద పని చేసి ఉన్నారు. పీపా లోపల ప్లాస్టరు పూయించారు. పిల్లలు రావడం మొదలైంది.

మూతకు బెజ్జాలు, వాటికి బిరడాలు. వేడెక్కితే ఒక బిరడా తీయాలి, చల్లబడితే పెట్టాలి, ఇంకా తగ్గితే చుట్టూ తాజా లద్దె పోయాలి. కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టులో గీసే ఫీడ్‌బ్యాక్ లూప్ ఇదే, కంట్రోలర్ స్థానంలో మనిషి ఉన్నాడంతే. థర్మామీటరు కొనలేనివాళ్లకు ఇంకో ఉపాయం చెప్పారు. వెన్న, కొవ్వు కలిపి కరిగించి చిన్న సీసాలో పోసి గుడ్ల మధ్య పెట్టడం. గట్టిపడితే చల్లబడినట్టు, నీళ్లలా కదిలితే వేడి ఎక్కువైనట్టు. ఆయన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ సీసానే.

అసలు చిక్కు పిల్లలు బయటికొచ్చాక. పెట్ట లేదు, మరి కప్పుకునేదెవరు? పిల్లలు వెచ్చదనం ఒక్కటే వెతకవని, వీపుకు మెత్తగా ఏదో తగలాలని కోరుకుంటాయని ఆయన గమనించారు. అందుకని ఒక పెట్టె చేశారు. పైకప్పు ఏటవాలు, దానికి లోపలివైపు ఉన్నితో ఉన్న గొర్రె తోలు. చిన్న పిల్ల కిందివైపు, పెరిగిన పిల్ల ఎత్తువైపు దూరితే దేని వీపుకు తగ్గ ఎత్తు దానికి దొరుకుతుంది. దీనికి కృత్రిమ తల్లి అని పేరు పెట్టారు. ఒకవైపే తెరిచి ఉంటే లోపలికి ఎగబడి అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి, కాబట్టి రెండు కొసలా తెరిచి ఉంచారు. నేడు మన ఊళ్లలో బ్రూడర్ చుట్టూ రేకును మూలలు లేకుండా గుండ్రంగా కట్టేదీ ఇందుకే. బల్బు కిందకు గుమిగూడితే చలి, గోడలకు అంటుకుంటే వేడి ఎక్కువ, అంతటా చెదిరి తింటుంటే సరిపోయినట్టు. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి తగ్గించడం ఇప్పటి పద్ధతి.

ఇవన్నీ కలిపి 1749లో పుస్తకం వేశారు. మరుసటి ఏడే ఇంగ్లిష్‌లోకి వచ్చింది. 1751లో పని చేసేవాళ్ల కోసం పొట్టి పుస్తకం విడిగా రాశారు. చిన్న మాన్యువల్ రాయడం పెద్ద పుస్తకం కంటే కష్టం, ప్రాజెక్టు రిపోర్టు రాసినవాళ్లకు తెలుస్తుంది.

పొదిగించడం చేతికొచ్చాక ఏ గుడ్డు ఎవరిదో లెక్క ఉంచడం తేలికైంది. ఐదు వేళ్ల కోళ్లను నాలుగు వేళ్ల కోళ్లతో, తోక లేనివాటిని మామూలువాటితో కలిపి చూశారు. బిడ్డ మొత్తం తల్లి గుడ్డులోనే ముందే తయారై ఉంటుందని చాలామంది పండితులు నమ్మే రోజులవి. అలాగైతే పుంజు వేళ్లు పిల్లకెలా వచ్చాయి? ప్రశ్న గట్టిదే, జవాబు మెండెల్ దాకా ఆగాల్సొచ్చింది. కుందేలు, కోడిపెట్ట కలిసి తిరుగుతుంటే వాటికి పిల్లలొస్తాయేమోనని కూడా ఎదురుచూశారు. రాలేదు, నవ్వులపాలయ్యారు. జాతుల్ని కలిపే పని మాత్రం ఆగలేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా, గ్రామప్రియ పెరటి పెంపకం కోసం అలా జాతుల్ని కలిపి తీసినవే.

లద్దె పీపా ఫ్రాన్స్ పల్లెల్లో పెద్దగా పాకలేదు. రాత్రీ పగలూ బిరడాల దగ్గర కూర్చునే మనిషి కావాలి, ఒక్క రాత్రి కునుకు తీస్తే బుట్టలన్నీ పోతాయి. రియామ్యూర్ 1757 అక్టోబరులో గుర్రం మీది నుంచి పడి చనిపోయారు. తర్వాత ఇరవై ఏళ్లకు బొన్‌మాఁ అనే ఫ్రెంచి ఇంజినీరు గొట్టాల్లో వేడినీళ్లు తిప్పుతూ, వేడి పెరిగితే పొయ్యికి గాలి తనంతట తానే తగ్గే పరికరం అమర్చి పారిస్‌కు పిల్లల్ని సరఫరా చేశారు. బిరడా దగ్గర మనిషి అవసరం అక్కడితో తీరింది.