పాలలో వెన్నకు లెక్క కట్టిన బాబ్‌కాక్

హోసూరు, కోలారు, బళ్లారి వైపు మన కుటుంబాల్లో పాడి ఉన్నవారు చాలామందే. పాల కేంద్రంలో పాలు పోశాక ఫ్యాట్ ఎంత పడిందో చీటీలో చూసుకుంటే గాని వారికి మనసు కుదుటపడదు. ఆ అంకెకు ఆద్యుడని చెప్పదగిన స్టీఫెన్ మౌల్టన్ బాబ్‌కాక్ గురించి నాలుగు మాటలు రాయాలని మేము చాలాకాలంగా అనుకుంటున్నాం.

ఆయన 1843లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో రైతు ఇంట పుట్టారు. టఫ్ట్స్ కాలేజీలో చదివి, 1879లో జర్మనీలోని గోటింగెన్‌లో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. కొన్నేళ్లు న్యూయార్క్ వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో పనిచేసి, తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు.

అప్పట్లో వెన్న, జున్ను తయారీ కేంద్రాలు పాలను తూకం మీదే కొనేవి. చిక్కటి పాలు పోసిన రైతుకూ, నీళ్లు కలిపినవాడికీ, మీగడ తీసినవాడికీ ఒకటే ధర. మరి లాక్టోమీటర్ ఉంది కదా అంటారేమో. మీగడ తీస్తే పాల సాంద్రత పెరుగుతుంది, నీళ్లు పోస్తే తగ్గుతుంది. రెండూ కొలతగా చేసినవాడి పాలు లాక్టోమీటర్‌కు మంచి పాలలాగే కనిపిస్తాయి! ప్రయోగశాలలో ఈథర్‌తో కొవ్వు తీసి తూచే పద్ధతి ఉన్నా, రోజూ పదుల కొద్దీ రైతుల పాలకు అది కుదిరే పని కాదు. నిజాయితీపరుడే నష్టపోయేవాడు.

1890లో బాబ్‌కాక్ ప్రకటించిన పరీక్ష చాలా తేలిక. పొడుగు మెడ ఉన్న గాజు సీసాలో 17.6 మిల్లీలీటర్ల పాలు పోసి, దాదాపు అంతే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతారు. సీసా వేడెక్కి, పాలు ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆమ్లం పాలలోని మాంసకృత్తులను కరిగించడంతో కొవ్వు విడివడుతుంది. సీసాను యంత్రంలో గిరగిరా తిప్పి, వేడినీళ్లు పోస్తే ఆ కొవ్వు మెడలోకి తేలుతుంది. అక్కడి గీతలు చూసి శాతం చెప్పేయవచ్చు. కాస్త నేర్పితే ఎవరైనా చేయగలరు.

మొదట్లో ఒక్క ఆవు పాల దగ్గర మాత్రం లెక్క తప్పేదనీ, పైవారు తొందరపెట్టినా అది సరయ్యేదాకా ఆయన పరీక్షను బయటపెట్టలేదనీ చెప్పుకుంటారు. ఇంతకంటే మాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆయన దీనికి పేటెంట్ తీసుకోలేదు. కోరితే ప్రతి సీసా మీదా డబ్బు వచ్చేది.

ఆ కాలంలోనే స్విట్జర్లాండ్‌లో నిక్లాస్ గెర్బర్ ఇలాంటిదే మరో పద్ధతి తెచ్చారు. అందులో ఆమ్లంతోపాటు అమైల్ ఆల్కహాల్ కూడా వేస్తారు. మన దేశంలోని పాల కేంద్రాల్లో ఎక్కువగా వాడుకలోకి వచ్చింది అదే. ఇప్పుడు చాలాచోట్ల యంత్రం నిమిషంలో అంకె చూపిస్తోంది.

అయితే ఈ పరీక్షలు కొవ్వు ఎంతో చెబుతాయి గాని, అది పాలదో, నూనెదో చెప్పవు. దానికి వేరే పరీక్షలు కావాలి. నేతిలో వనస్పతి కలిపితే పట్టుకోవడానికి వనస్పతిలో నువ్వుల నూనె ఉండాలని మన దేశంలో చట్టమే చేశారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ కలిపి చూస్తే ఆ నూనె ఎర్రరంగు చూపి కల్తీని బయటపెడుతుంది.

రసాయన లెక్కలో సమానంగా ఉన్న మేతలన్నీ పశువుకు ఒకటేనా అన్న అనుమానం బాబ్‌కాక్‌ను ఏళ్ల తరబడి వదలలేదు. చివరికి 1907లో ఆయన సహచరులు పెయ్యలకు ఒక్కో జట్టుకు ఒక్కో ధాన్యపు మేత పెట్టి నాలుగేళ్లు చూశారు. మొక్కజొన్న మేత తిన్నవి ఏపుగా పెరిగాయి, గోధుమ మేత తిన్నవి చిక్కిపోయాయి. విటమిన్‌ల పరిశోధనకు అదొక మెట్టయింది.

బాబ్‌కాక్ 1931 జూలైలో, 87వ ఏట, మాడిసన్ నగరంలో కన్నుమూశారు.