పాట్రిక్ లేడ్లా

సర్ పాట్రిక్ ప్లేఫెయిర్ లేడ్లా (1881 - 1940) ప్రముఖ బ్రిటిషు వైరస్ శాస్త్రవేత్త. కుక్కలకు, ఫారాలలో పెంచే మింకులకు ప్రాణాంతకమైన డిస్టెంపర్ అను అంటువ్యాధికి వైరస్ కారణమని నిర్ధారించి, టీకా రూపొందించిన ఇద్దరిలో ఇతడొకడు. మానవుల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను మొదటిసారి వేరుచేసిన ముగ్గురిలో కూడా ఇతడున్నాడు.

తొలి జీవితము

లేడ్లా 1881 సెప్టెంబరు 26న స్కాట్లాండులోని గ్లాస్గోలో జన్మించాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోను, లండనులోని గైస్ ఆసుపత్రిలోను చదివాడు. తరువాత హెన్రీ డేల్‌తో కలిసి శరీరముపై హిస్టమిన్ ప్రభావమును పరిశోధించాడు. 1922లో లండనులోని జాతీయ వైద్య పరిశోధనా సంస్థలో చేరాడు.

డిస్టెంపర్ పరిశోధన

డిస్టెంపర్‌కు వైరస్ కారణమని ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ కారే 1905లోనే ప్రకటించాడు. కాని బాక్టీరియాయే కారణమని పలువురు వాదించడంతో విషయము తేలలేదు. ప్రయోగానికి తెచ్చిన కుక్కలకు ముందే వ్యాధి వచ్చి పోయి ఉండుట, లేదా ప్రయోగశాలలోనే పక్క కుక్కనుండి అంటుకొనుట ఇందుకు ముఖ్య కారణము.

లేడ్లా, పశువైద్యుడు జార్జి డంకిన్ ఈ చిక్కును రెండు విధములుగా విడదీసారు. మొదటిది, కుక్కపిల్లలను పుట్టినప్పటినుండి పూర్తిగా వేరుగా పెంచడము. వాటి వద్దకు వెళ్ళే పనివారు స్నానము చేసి, దుస్తులు మార్చుకొనవలసి ఉండేది. రెండవది, ఫెరెట్ అను చిన్న జంతువును ప్రయోగాలకు ఎన్నుకొనడము. ఇది మింకు, నీటికుక్కల కుటుంబానికి చెందినది. డిస్టెంపర్ సోకిన ఫెరెట్ దాదాపు తప్పక చనిపోతుంది గనుక ఫలితము స్పష్టముగా తెలిసేది.

1926లో వీరు వైరస్సే కారణమని నిరూపించారు. అనంతరము, వ్యాధిగ్రస్త జంతువుల కణజాలమును ఫార్మలిన్‌తో నిర్వీర్యము చేసి ముందుగా ఇచ్చి, కొద్దిరోజుల తరువాత సజీవ వైరస్‌ను ఇచ్చే టీకా పద్ధతిని రూపొందించారు. ఈ పనికి ది ఫీల్డ్ పత్రిక విరాళాలు సేకరించింది.

ఇన్‌ఫ్లుయెంజా

1918లో మొదలైన ఇన్‌ఫ్లుయెంజా ఒక్క భారతదేశములోనే కోటికి పైగా ప్రజలను బలిగొన్నది. అప్పటికి దాని కారకము తెలియదు. 1933లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, లేడ్లా కలిసి రోగుల గొంతునుండి సేకరించిన ద్రవమును వడపోసి ఫెరెట్లకు ఎక్కించి, వ్యాధి కలిగించు వైరస్‌ను గుర్తించారు. డిస్టెంపర్ పనిలో అలవడిన జంతువు, కట్టుదిట్టములే ఇక్కడను ఉపయోగపడ్డాయి.

గౌరవాలు, మరణము

1927లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1933లో రాయల్ పతకము, 1935లో సర్ బిరుదు లభించాయి. 1940 మార్చిలో మరణించాడు.

ప్రాధాన్యత

డిస్టెంపర్ వైరస్, తట్టు వైరస్, పశువుల ముసర వ్యాధి వైరస్, గొర్రెలు మేకల పి.పి.ఆర్ వైరస్ ఒకే ప్రజాతికి చెందినవి. వీటిలో ముసర వ్యాధి ప్రపంచమంతటా నిర్మూలమైనదని 2011లో ప్రకటించారు. మింకు ఫారాలు లేని ఆలంపూర్ వంటి తెలంగాణ మెట్ట ప్రాంతాలలో గొర్రెల కాపరులకు నష్టము తెచ్చేది పి.పి.ఆర్. టీకాయే దీనికి ప్రధాన రక్షణ. 2020లో కోవిడ్ వైరస్ మింకులకు సోకి, వాటినుండి తిరిగి మనుషులకు వ్యాపించగా, డెన్మార్కు ప్రభుత్వము కోటికి పైగా మింకులను చంపించింది. మనుషుల శ్వాసకోశ వైరస్‌లు ఈ కుటుంబపు జంతువులకు సోకగలవని లేడ్లా బృందము 1933లోనే చూపింది.